ఎదురు మర

చేతులు శుభ్రంగా ఉన్నప్పుడు అప్పలకొండ మేస్త్రి ఎవరి ప్రశ్నకూ జవాబు చెప్పడు. కడుక్కున్న చేతులతో చెప్పే మాట గాల్లో మాటేనని ఆయన నమ్మకం. చింతపల్లి ఘాటు రోడ్డు మలుపులో, కొండలెక్కే జీపులు బాగుచేసే రేకుల షెడ్డు ఆయనది. ముప్పయ్యేళ్లుగా అక్కడ పని నేర్చుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. ఏమి నేర్పాడని అడిగితే మాత్రం, ఆయన ఫలానా మాట చెప్పాడని ఒక్కరూ అనరు. స్పానర్ చేతికిచ్చాడనే అంటారు.

ఒక సాయంత్రం ఆయన తొట్టి దగ్గర సబ్బుతో చేతులు తోముకుంటుంటే శిష్యురాలు పాంగి సుభద్ర వచ్చి ముందు నిలబడింది. ఇరవై మూడేళ్ల మనిషి. ఐటీఐలో మోటారు మెకానిక్కు కోర్సు చదివి, రెండేళ్లుగా ఆయన దగ్గర పని చేస్తోంది.

"మేస్త్రిగారూ, ఎదురు తిరగడం తప్పా?" అని అడిగింది. "తప్పని మీరంటే రేపు క్షమాపణ చెప్పేస్తాను. కాదంటే చచ్చినా చెప్పను. ఊళ్లో అందరూ ఎవరికి తోచింది వాళ్లు చెప్పేశారు. మీరొక్కరే మిగిలారు."

మేస్త్రి నురగ నిండిన చేతులు చూపించాడు. "కడిగేసుకున్నాక అడిగితే ఎలాగమ్మా?"

ఆ ప్రశ్న ఊరికే పుట్టింది కాదు. భూషణరావనే పెద్దమనిషికి పన్నెండు జీపులున్నాయి. యాత్రికుల్ని కొండల మీదికీ జలపాతాలకీ తిప్పుతాయి. షెడ్డులో సగం పని ఆ జీపులదే. ముందురోజే వాటిలో ఒకటి వెనక చక్రం ఊగుతోందని వచ్చింది. చక్రాన్ని ఇరుసు కొసనున్న హబ్బుకి పట్టి ఉంచేవి ఐదు స్టడ్లు, అంటే మర కోసిన ఇనప మేకులు, వాటి మీద బిగించే ఐదు నట్లు. ఐదింటిలో ఒక స్టడ్డు మొదలంటా విరిగిపోయి ఉంది. "నాలుగున్నాయిగా, బిగించి పంపు," అన్నాడు భూషణరావు. సుభద్ర చక్రం విప్పి గోడకి ఆనించింది. "విరిగినదాని బరువు ఇన్నాళ్లూ దాని పక్కనున్న రెండూ మోశాయండి. పైకి బాగానే కనిపిస్తాయి, లోపల నలిగిపోయుంటాయి. మూడూ మార్చాకే ఎక్కిస్తాను," అంది. నర్సీపట్నం నుంచి స్టడ్లు వచ్చేసరికి పొద్దు వాలింది. ఆ రోజు జీపు కదల్లేదు. డ్రైవర్లందరి ముందూ భూషణరావు, "నాకే ఎదురు తిరుగుతావా!" అని అరిచాడు. మూడో రోజు పొద్దున వస్తానన్నాడు. ఆ పిల్ల అందరి ముందూ క్షమాపణ చెప్పాలి, లేదా షెడ్డులోంచి పోవాలి. రెండూ కాకపోతే తన జీపు ఒక్కటి కూడా ఈ గుమ్మం తొక్కదన్నాడు.

ఇక్కడొకటి గమనించాలి. తగువు స్టడ్ల గురించి. స్టడ్ల గురించి భూషణరావు దగ్గర జవాబు లేదు. జవాబు లేనప్పుడు మనవాళ్లు విషయాన్ని వదిలేసి మనిషిని పట్టుకుంటారు. ఆ మనిషి ఆడపిల్లయితే మాట కోసం వెతుక్కునే శ్రమ కూడా ఉండదు. "ఎదురు తిరిగింది" అనే మాట ఎప్పుడూ జేబులో సిద్ధంగా ఉంటుంది. సుభద్ర మేనమామ కూడా ఇంటికొచ్చి ఆ మాటే తీశాడు. "పెద్దమనిషితో నీకేటే గుంటా పంతం? తప్పయిపోయిందంటే నోరరిగిపోద్దా?" అన్నాడు. "నోరరగదు మావా, చక్రం ఊడుద్ది," అంది సుభద్ర. ఆయన టీ తాగకుండా లేచిపోయాడు.

మూడో రోజు పొద్దున ఎనిమిదింటికి, చెప్పినట్టే భూషణరావు వచ్చాడు. కానీ వచ్చిన తీరు ఆయన అనుకున్నట్టు లేదు. ఈమధ్యే వేలంలో ఓ పాతకాలపు జీపు కొన్నాడు. యాత్రికులు దాని పక్కన నిలబడి ఫొటోలు దిగుతారని దానికి ఆకుపచ్చ రంగు కొట్టించాడు. ఆయనెక్కిన ఆ జీపే ఆ రోజు ముందు ఎడం టైరు పంచరై, కుంటుకుంటూ షెడ్డు ముందుకొచ్చి ఆగింది. లోపల ఏలూరు నుంచి వచ్చిన నలుగురు యాత్రికులు. జలపాతం ఇంకా తొమ్మిది కిలోమీటర్లు.

సుభద్ర స్పానర్ తీసుకుని లేచింది.

"నువ్వు ముట్టుకోకు," అన్నాడు భూషణరావు. "ముందు నీ నోటి సంగతి తేలాలి, తరవాత నీ చేతి సంగతి. గురుమూర్తీ, నువ్వు విప్పరా."

డ్రైవరు గురుమూర్తి దిగి నట్టుకి స్పానర్ తగిలించాడు. మేస్త్రి ఇంకో బండి బేరింగులకి గ్రీజు పెడుతూ కూర్చున్నచోటు నుంచే, "బాబూ, అది పాత బండి. ఆ పక్క నట్లు మీరనుకున్నట్టు తిరగవు," అన్నాడు.

"నా బండి నట్టు నేననుకున్నట్టు తిరక్కపోతే మరెవరనుకున్నట్టు తిరుగుద్ది మేస్త్రీ?" అన్నాడు భూషణరావు. తమాషా చూడ్డానికి చేరిన డ్రైవర్లు నవ్వారు. చెప్పిన మాట రెండోసారి చెప్పే అలవాటు మేస్త్రికి లేదు.

ఏ నట్టయినా ఎడమకి తిప్పితే వదులవుతుంది, కుడికి తిప్పితే బిగుస్తుంది. ఇది పసిపిల్లలకీ తెలుసు, గురుమూర్తికీ తెలుసు. ఎడమకి తిప్పాడు. కదల్లేదు. "తుప్పు పట్టేసిందండి," అన్నాడు. "తుప్పు కాదు, పొగరు. పైపు తొడిగి తొక్కు," అన్నాడు భూషణరావు. గురుమూర్తి స్పానర్ కి బారెడు ఇనప పైపు తొడిగి, ఎక్కి నిలబడి ఊగాడు. ఠప్పుమంది. స్టడ్డు విరిగి నట్టుతో సహా ఎగిరి పడింది. "ఇంకోటి చూడు," అన్నాడు భూషణరావు. ఇంకోటీ ఠప్పుమంది.

మూడోదానికి స్పానర్ తగిలించబోతుంటే సుభద్ర మధ్యలోకి వచ్చి మోకాళ్ల మీద కూర్చుంది. ముట్టుకోవద్దన్న మాట ఆమెకి గుర్తుంది. గుర్తుండే వచ్చింది. గుడ్డ పెట్టి స్టడ్డు కొస మీది బురద తుడిచింది. కొస మీద 'లెఫ్ట్'కి గుర్తుగా 'ఎల్' అని ఇంగ్లీషు అక్షరం చెక్కి ఉంది. కాసేపు దానికేసి చూసింది, తరవాత చక్రంకేసి చూసింది. గురుమూర్తి చేతిలో స్పానర్ లాక్కుని, పైపు ఊడదీసి అవతల పారేసి, నట్టుకి తగిలించి కుడికి నొక్కింది. కిర్రుమని కదిలింది. రెండు చుట్లకే వేళ్లతో తిరిగేటంత వదులైంది.

"ఉల్టా నట్లు పెట్టిన ఎదవెవడు?" అన్నాడు భూషణరావు.

"బండి చేసినోళ్లే పెట్టారు బాబూ," అన్నాడు మేస్త్రి. అప్పటికి ఆయన లేచి వచ్చి చక్రం పక్కన కూర్చున్నాడు.

జీపులోంచి ఏలూరావిడ తల బయటికి పెట్టింది. "అదేంటండీ, కావాలని ఉల్టాగా ఎందుకు పెడతారు?"

"ఈ పక్క చక్రం ముందుకి దొర్లితే అది తిరిగేది ఎడమకే కదమ్మా. అందరిలాంటి మర పెడితే రోజుకింతని చక్రమే తన నట్టు వదులు చేసుకుంటుందని ఆ కాలపోళ్లు లెక్కేశారు. అందుకని ఈ పక్కకి ఎదురు మర కోశారు. బండి నడిచేకొద్దీ బిగుస్తాయి."

భూషణరావు గడియారం చూసుకున్నాడు. "సరే, పాఠం అయింది కదా. రెండు పోతే పోయాయి, మూడున్నాయి. స్టెప్నీ వేసి పంపండి. తొమ్మిది కిలోమీటర్లకి ఏమీ కాదు." అని సుభద్ర వైపు చెయ్యి ఊపాడు. "నువ్వే వెయ్యి. వేసి, తప్పయిందని ఓ మాట అను. నేనూ మర్చిపోతాను."

నిజానికి అది చాలా ఉదారమైన బేరం. పని నిలబడుతుంది, షెడ్డు నిలబడుతుంది, మేనమామ టీ తాగుతాడు. చెయ్యాల్సిందల్లా మూడు స్టడ్ల మీద నలుగుర్ని ఘాటు ఎక్కించడం.

"వెయ్యనండి," అంది సుభద్ర.

"ఏంటీ?"

"రెండు మీరే విరిచారు. వీటి పక్కవాటి మీద నాకు నమ్మకం లేదు. ఐదూ మార్చాకే ఈ చక్రం ఎక్కుద్ది. ఆ మూడింటి మీద మీ పిల్లల్ని కూర్చోబెడతారా? కూర్చోబెడతానంటే ఇప్పుడే వేస్తాను."

భూషణరావు ముఖం ఎర్రబడింది. "మళ్లీ ఎదురు తిరుగుతున్నావా?"

"తిరుగుతున్నానండి."

ఏలూరావిడ చెప్పులేసుకుని జీపు దిగింది. ఆవిడ వెనక మిగతా ముగ్గురూ దిగారు.

"మేస్త్రీ," అన్నాడు భూషణరావు, "ఇంక నువ్వు చెప్పు. ఈ పిల్లుంటుందా, నా బండ్లుంటాయా?"

"ఈ బండి తాళం ఇచ్చెళ్లండి బాబూ. ఎదురు మర స్టడ్లు దొరకడం కష్టం, వెతికిస్తాను. దొరికాక మా సుభద్ర ఐదూ మారుస్తుంది."

"మిగతా బండ్లు?"

"వాటి తాళాలు మీ దగ్గరే ఉన్నాయి కదా."

భూషణరావు తాళం బానెట్ మీద పడేసి, రోడ్డెక్కి, పాడేరు బస్సు ఆపి ఎక్కాడు. ఆ వారమంతా ఆయన జీపులు షెడ్డు ముందు నుంచే వెళ్లాయి, ఆగలేదు. డ్రైవర్లు మాత్రం మలుపులో హారన్ కొట్టేవాళ్లు. తిట్టో పలకరింపో తెలిసేది కాదు.

బస్సు వెళ్లాక సుభద్ర చక్రం దగ్గరే కూర్చుండిపోయింది. "మేస్త్రిగారూ, సగం పని పోగొట్టాను మీకు," అంది. "నేనడిగిన దానికి ఇంకా జవాబు చెప్పలేదు మీరు."

మేస్త్రి తన చేతులు చూసుకున్నాడు. మోచేతుల దాకా గ్రీజే. వదులైన ఆ నట్టుని ఊడదీసి ఆమె అరచేతిలో పెట్టాడు.

"ఇది ఎదురు తిరిగింది చేతికమ్మా," అన్నాడు. "చక్రానికి కాదు."