మేకులు కొట్టిన పులివేట

మధ్యాహ్నం దాటింది, ఎండ మండిపోతోంది. భర్త గంగులునీ, మరిది చెంచయ్యనీ, కూతురు ఎర్రక్కనీ భటులు కట్టి తీసుకుపోయారని విని ఓబుళమ్మ సగం వార్చిన అన్నం అలాగే వదిలేసి కోటకు పరిగెత్తింది.

పులివేట అనే ఆటపెట్టె వాళ్ల వడ్రంగుల వీధిది. పిడి తిప్పితే చెక్కపులి మేకల వెంట పడుతుంది. ఎవరైనా ఊరికే నేర్చుకోవచ్చు, చేసి అమ్ముకోవచ్చు. కట్టుబాటు ఒక్కటే: లోపలి పనితనం అందరికీ కనబడేలా వెనక పలక తెరిచే ఉంచాలి. వినోదశాల యజమాని మకరందుడు ఆ పెట్టెకే రంగులేసి, పలకకు మేకులు కొట్టి, తన సృష్టేనని రాజుగారికి సమర్పించాడు. పైగా వీధిలో దాన్ని చేసి అమ్ముతున్న ఈ ముగ్గురే దొంగలన్నాడు. దొంగతనానికి శిక్ష చేతులు నరకడం.

ఆమె కొలువులో అడుగుపెట్టేసరికి రాజుగారు పిడి మీద చెయ్యి వేశారు.

"తిప్పకండి ప్రభూ!" ఓబుళమ్మ కేక పెట్టింది. "వెనక మూసేసి తిప్పితే లోపలి కమ్మి ఎగిరొచ్చి కంట్లో గుచ్చుకుంటుంది!"

రాజుగారు చటుక్కున చెయ్యి తీశారు. "మకరందా, నీ సృష్టేగా? నువ్వే తిప్పు."

మకరందుడు గోడదాకా వెనక్కి జరిగాడు. "అయ్యో ప్రభూ, నేను మేకులు కొట్టానంతే! చేసింది వాళ్లు. లోపలేముందో నాకేం తెలుసు?"

రాజుగారు ఓబుళమ్మ వైపు తిరిగారు.

"ఏదమ్మా ఆ కమ్మి?" అన్నారు రాజుగారు.

"అలాంటి కమ్మే లేదు ప్రభూ. చేసినవాడైతే ఆ మాట నా మొహాన్నే చెప్పేవాడు," అంటూ ఆమె తనే పిడి తిప్పింది. పులి మేకల వెంట పడింది.

రాజుగారు ముగ్గురి కట్లూ విప్పించి, మేకులు మకరందుడి చేతే పీకించారు.

అందరూ ఇల్లు చేరారు. ఓబుళమ్మ గడప దగ్గర నిలబడి, లోపలికొచ్చే ఒక్కొక్కరి చేతులూ తడిమి చూసింది. గంగులు. చెంచయ్య. ఎర్రక్క. మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టింది.