ఏడో కోట అడిగిన పేరు

కర్నూలులోని ఒక అమ్మాయిల హాస్టల్లో, ఎవరు ఏ సాయం చేసినా అది తన హక్కే అనుకునే హిమజ అనే పాలిటెక్నిక్ విద్యార్థిని ఉండేది.

ఆమెకు ఫోనులో ‘ఏడు కోటలు’ అనే ఆట అంటే ప్రాణం. ఆ ఆటలో ఎవరి వీరురాలిని వారే తయారుచేసుకోవాలి. ఒక్కో మెట్టు ఎక్కినప్పుడల్లా నాలుగు పాయింట్లు వస్తాయి. వాటిని బలానికి పెట్టాలో, వేగానికి పెట్టాలో, మాట మంచితనానికి పెట్టాలో ఆడేవారి ఇష్టం. హిమజ తన వీరురాలికి రణధీర అని పేరు పెట్టింది. వచ్చిన పాయింట్లన్నీ బలానికే పోసింది. ఇక దారిలో ఎవరైనా పలకరిస్తే, వాళ్ళ మాట సగంలో ఉండగానే ‘దాటవేయి’ మీట నొక్కేసేది.

"పాపం, ఏదో చెబుతోంది కదే, కాస్త విను" అనేది గదిలో తోడుండే షాహీన్.

"కబుర్లు వింటూ కూర్చుంటే కోటలెప్పుడు గెలవను?" అనేది హిమజ.

నిజం చెప్పొద్దూ, గెలిచింది కూడా. మూడు నెలల్లో ఆరు కోటలు కూలాయి. ఆ హాస్టల్లో అంతదూరం వచ్చినవాళ్ళు ఇంకెవరూ లేరు. ఒక ఆదివారం పొద్దున రణధీర ఏడో కోట ముందు నిలబడింది. సగం హాస్టలు హిమజ మంచం చుట్టూ చేరింది.

అక్కడ సైన్యం లేదు, రాక్షసులు లేరు. ఒట్టి తలుపు. కత్తితో ఎన్ని దెబ్బలు వేసినా అది కదల్లేదు. చివరికి తలుపే మాట్లాడింది.

"నీకు మొదటి ముద్ద పెట్టినవారి పేరు చెప్పు. మూడుసార్లు తప్పు చెబితే నువ్వు చెరిగిపోతావు. మళ్ళీ పుట్టవు."

"ఓస్, ఇంతేనా!" అని హిమజ ఆటలోని రాజుగారి పేరు కొట్టింది. తప్పు. కత్తి నేర్పిన గురువు పేరు కొట్టింది. అదీ తప్పే. ఇంకొక్క పొరపాటు జరిగితే రణధీర ఉండదు, మూడు నెలల కష్టం గంగపాలవుతుంది. హిమజ పక్కకు తిరిగింది.

"షాహీన్, నీకేమైనా గుర్తుందా?"

"మొట్టమొదట నువ్వు వరదలో కొట్టుకుపోతుంటే, పడవ నడిపే ముసలామె బయటికి లాగి అంబలి పోసింది. ఆమె పేరు చెప్పబోతుంటేనే కదా నువ్వు మీట నొక్కావు! ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న అని ఊరికే అన్నారా? వెనక్కి వెళ్ళి అడుగు."

"ఆరు కోటలూ వెనక్కా!"

"లేకపోతే గుడ్డిగా ఇంకో పేరు కొట్టు. నీ ఇష్టం."

హిమజ రణధీరను వెనక్కి తిప్పింది. వింత చూడవచ్చిన వాళ్ళంతా ఉసూరుమంటూ వెళ్ళిపోయారు.

వారం రోజులు పట్టింది. దారిలో ఒక మెట్టు పెరిగి నాలుగు పాయింట్లు వచ్చాయి. వాటిని హిమజ మొదటిసారి మాటకు పెట్టింది. ఈసారి ఎవరు పలకరించినా ఆగి చివరిదాకా వింది. గుర్రానికి నీళ్ళు పెట్టిన కుమ్మరి, గాయానికి కట్టు కట్టిన గొర్రెలకాపరి, ఇలా ఎంతమంది చేతుల సాయంతో తను అంతదూరం వచ్చిందో అప్పుడు తెలిసింది. మళ్ళీ ఆదివారం పొద్దునకు ఏటి ఒడ్డు చేరింది.

ముసలామె కోపపడలేదు. "వచ్చావా తల్లీ! చిక్కిపోయావు. ముందు ఇంత అంబలి తాగు. నన్ను గౌరక్క అంటారు" అంది. తన పడవ ఎక్కించుకుని, దగ్గరిదారిన ఏడో కోట ముందు దింపింది. హిమజ ఆ పేరు కొట్టగానే తలుపు తెరుచుకుంది.

కానీ ఆమె లోపలికి వెళ్ళలేదు. ఫోను పక్కన పెట్టి కిందికి దిగింది.

టిఫిను వేళ ఎప్పుడో అయిపోయింది. అయినా భోజనాల గది కిటికీలో మూతపెట్టిన పళ్ళెం ఉంది. ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు. ఏడాదిన్నరగా ఆలస్యంగా లేచే హిమజ కోసం ఆ పళ్ళెం రోజూ అక్కడే ఉంటోంది. పెట్టేది ఎవరో ఆమెకు తెలుసు. పేరు తెలియదు.

పెరట్లో వంటామె గిన్నెలు తోముతోంది.

"అక్కా, నీ పేరేంటి?"

ఆమె చేతిలోని గిన్నె జారింది. "ఎందుకుమ్మా? ఉగ్గాని బాగలేదా? వార్డెన్ మేడంకు చెప్తావా ఏమి?"

హిమజ ఆ గిన్నె తీసి ఇచ్చింది. ఇన్నాళ్ళు కడుపు నింపిన మనిషి, పేరు అడిగితే భయపడుతోంది.

"లేదక్కా. రోజూ నాకోసం తీసిపెడుతున్నావు. నీ పేరు కూడా అడగలేదు నేను. తప్పు నాదే."

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుని నవ్వింది. "మద్దిలేటమ్మ అంటారుమ్మా నన్ను. బిడ్డ పస్తుంటే చూస్తా ఎట్ల ఉంటాము? తిన్యావా లేదా ముందు చెప్పు."

"నీ పక్కనే కూర్చుని తింటా మద్దిలేటమ్మక్కా" అంది హిమజ. ఉగ్గాని చల్లారిపోయింది. అయినా అంత రుచిగా ఆమె ఎన్నడూ తినలేదు.

నీతి: ఎంత బలం సంపాదించినా, మనల్ని ఒడ్డుకు చేర్చిన చేతిని మరిచినవారికి చివరి తలుపు తెరుచుకోదు; మేలు చేసినవారి పేరు అడిగి తెలుసుకుని, జన్మంతా గుర్తుంచుకోవాలి.