ఎర్ర గీత లేని చోటు

సాబిత్‌కు తన చేతిరాత పుస్తకం మీద గురువు ముద్ర కావాలి. అదీ శుక్రవారంలోపు కావాలి. ఆ రోజు నగరంలోని పెద్ద మదరసాలో పండితులు కొలువు తీరుతారు. షేక్ అబ్దుర్ రహ్మాన్ ముద్ర ఉన్న పుస్తకం చేతిలో ఉంటే అక్కడ బోధకుడి స్థానం దొరుకుతుంది. లేకపోతే జిగురు కలుపుకుంటూ, తోలు గీక్కుంటూ ఇంకెన్నేళ్లు ఈ వాకిట్లోనే కూర్చోవాలో తెలియదు. ఇప్పటికే ఏడేళ్లయింది.

షేక్ అబ్దుర్ రహ్మాన్ సూఫీ. పుస్తకాలకు అట్టలు కట్టి బతికేవారు. నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో ఆ పని తెలిసినవారు మరొకరు లేరు. యూదుల తౌరాత్‌నీ, క్రైస్తవుల ఇంజీల్‌నీ, ముసల్మానుల ఖురాన్‌నీ ఆయన ఒకే బల్ల మీద పెట్టుకుని కుట్టేవారు. ఏ గ్రంథం ముట్టుకోవాలన్నా ముందు చేతులు కడుక్కునేవారు.

ఆయనకు ఒక నియమం ఉంది. దేవుడి పేరున్న కాగితాన్ని కాల్చకూడదు, చెరపకూడదు, అట్ట లోపల దట్టించకూడదు. చేరిన కొత్తలో సాబిత్ ఒకసారి అట్ట పలచగా ఉందని ఏదో చిత్తుకాగితం లోపల పెట్టి అంటించేశాడు. ఆ కాగితం మూల ఆ పేరుంది. షేక్ పూర్తయిన అట్టను కత్తితో చీల్చి, ఆ ముక్కను బయటికి తీసి, కళ్లకద్దుకుని పక్కన పెట్టారు. రెండు రోజుల పని మళ్లీ మొదటినుంచి చేయించారు.

అలాంటి ముక్కలు చేరే చోటు వాకిలి చివర ఉంది. రాతిపలక, దాని కింద మెట్లు, మెట్ల కింద నేలమాళిగ. చదివి చదివి చిరిగిన పుటలను మూడు మతాలవాళ్లూ ఏడాదికొకసారి వానలకు ముందు బస్తాల్లో తెచ్చి ఇస్తారు. షేక్ వాటిని కిందికి తీసుకెళ్లి, మనిషిని పడుకోబెట్టినట్టు మట్టిలో పడుకోబెట్టి వస్తారు. ఊళ్లో ఎవరూ ఆ పలక తొక్కరు. లోపల ఏదో నేలను గోకుతున్న చప్పుడు వస్తుందని చెప్పుకుంటారు. సాబిత్‌కు ఏడేళ్లలో ఏ చప్పుడూ వినబడలేదు. ఎలుకలై ఉంటాయని నవ్వేవాడు.

సాబిత్ చెడ్డవాడు కాదు. నమాజు తప్పలేదు. అబద్ధమాడలేదు. ఒకరి సొమ్ము ఆశించలేదు. ఇలాంటివాళ్లకు పట్టే జబ్బు ఒకటుంది, అది అతనికీ పట్టింది. తనలో తప్పు దొరక్కపోయేసరికి ఎదుటివాళ్లలో వెతకడం మొదలుపెట్టాడు.

ఆ వెతుకులాటే పుస్తకమైంది. యూదుల ప్రార్థనామందిరం చూసుకునే హస్కేల్ కాళ్ల దగ్గర కూర్చుని హీబ్రూ నేర్చుకున్నాడు. చర్చి ఊడ్చే షమూనీ అనే ముసలమ్మ భర్త బతికుండగా ఆయన దగ్గర ఆ చర్చివాళ్ల పాత భాష సురియానీ నేర్చుకున్నాడు. ఆ చదువుతోనే, పుట పుటకూ మూడు నిలువు వరుసలు గీసి, మూడు గ్రంథాల మాటలూ పక్కపక్కన రాశాడు. మొదటి రెండు వరుసల్లో తనకు నచ్చని చోటల్లా ఎర్రసిరాతో అడ్డగీత కొట్టాడు.

బుధవారం పొద్దున్నే ఆ పుస్తకాన్ని గురువు ముందు పెట్టాడు.

"ఎక్కడైనా సరే, ఒక పుట చదువు," అన్నారు షేక్.

సాబిత్ ఆదాము కొడుకులిద్దరి కథ ఉన్న పుట తీశాడు. తన పనితనం అక్కడ బాగా కనబడుతుందని అతని నమ్మకం. అన్న తమ్ముణ్ణి చంపాడు. తమ్ముడి నెత్తురు నేలలోంచి మొరపెడుతోందని దేవుడన్నట్టు తౌరాత్‌లో ఉంది. దాని మీద ఎర్ర గీత. ఆ మొదటి నెత్తురు మొదలు మంచివాళ్ల నెత్తురంతటికీ లెక్క చెప్పాలని ఈసా ప్రవక్త హెచ్చరించినట్టు ఇంజీల్‌లో ఉంది. దాని మీదా ఎర్ర గీత. మూడో వరుసలో కాకి ఉంది. శవాన్ని ఏం చేయాలో తెలియక హంతకుడు నిలబడితే, దేవుడు ఒక కాకిని పంపాడు. అది నేలను గోకి, ఎలా పూడ్చాలో చూపించింది. ఈ కాకిపాటి కూడా కాలేకపోయానే అని వాడు కుమిలిపోయాడు. అక్కడ గీత లేదు.

"కాకి మీద గీత కొట్టలేదే?"

"అది మన గ్రంథంలో ఉంది కదా, హజ్రత్."

"ఉంది," అన్నారు షేక్. "తమ్ముడి మొర మీద కొట్టావు. కాకిని ఉంచుకున్నావు."

మెచ్చుకున్నారో లేదో సాబిత్‌కు అర్థం కాలేదు. ముద్ర మాట ఎత్తాడు. షేక్ మెడలోని తాడుకు వేలాడే ఇత్తడి ముద్రను తడిమి చూసుకున్నారు.

"ఇవాళ బస్తాలొస్తాయి. నాకు మెట్లు దిగే ఓపిక లేదు, నువ్వు దిగు. నేను ఇన్నాళ్లూ వచ్చినవి వచ్చినట్టు పడుకోబెట్టాను. నువ్వు నీ పుస్తకంలో లాగే మూడుగా విడదీసి పెట్టు. పాతవీ, కొత్తవీ. ఒకదాని పుట ఇంకోదాంట్లో కలవకూడదు. పైకొచ్చాక ముద్ర మాట చూద్దాం."

కాసేపటికి హస్కేల్ బస్తా మోసుకుంటూ వచ్చాడు. వెనకే షమూనీ వచ్చింది. ఆమె బస్తా చిన్నది. హస్కేల్ ఆమెను ఆటపట్టించాడు, మీ వాళ్లు అసలు చదవడం మానేశారా అని. చదివి చిరిగినవే తెచ్చాను, మీ బస్తాలో చిమ్మెటలు తిన్నవెన్నో విప్పి చూద్దామా అని ఆమె అంది. ముసలాయన నవ్వి చేతులెత్తేశాడు. మసీదు బస్తా ముందురోజే వచ్చి గోడకు ఆనించి ఉంది.

ఈసారి సాబిత్ దిగుతాడని తెలిసి హస్కేల్ నవ్వు ఆపేశాడు.

"ఏమయ్యా, నా దగ్గర చదువుకున్నవాడివని చెబుతున్నా. కింద తొందరపడకు. కింద ఉన్నవాటిని కదిలించకు."

"కదిలించడానికే వెళ్తున్నా తాతా," అన్నాడు సాబిత్.

మిట్టమధ్యాహ్నం ప్రార్థన అయ్యాక పలక జరిపారు. సాబిత్ తన పుస్తకాన్ని వాకిట్లో వదలలేదు. చొక్కా లోపల, రొమ్ముకు ఆనించి కట్టుకున్నాడు. బస్తాలు ఒక్కొక్కటే దింపి, చివరికి దీపం పట్టుకుని తానూ దిగాడు. పైన ఎండ నిప్పులు చెరుగుతోంది. నాలుగో మెట్టు దాటాక చెమట చల్లబడింది. చివరి మెట్టు దగ్గర నోట్లోంచి ఆవిరి వచ్చింది.

కొత్త బస్తాలతో ఇబ్బంది లేదు. మూడు కుప్పలు చకచకా లేచాయి. తర్వాత పాత పుటల వైపు తిరిగాడు. అవి గోడ పొడుగునా, మట్టి కప్పుకుని, పడుకున్న మనిషంత ఎత్తున ఉన్నాయి. పైమట్టి తీయగానే కాగితాలు సన్నగా గలగలలాడాయి. గాలేమోననుకున్నాడు. అక్కడ గాలి లేదు, దీపం నిటారుగా వెలుగుతోంది. ఊపిరి బిగబట్టాడు. గలగల ఆగింది. వదిలాడు. మళ్లీ మొదలైంది.

ఖురాన్ వాక్యమొకటి గొణుక్కుంటూ పనిలో పడ్డాడు. పుటలు చెమ్మకు ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. గోరు దూర్చి ఒక జంటను మెల్లగా విడదీశాడు. ఒకటి హీబ్రూ, ఒకటి అరబ్బీ. విడివడ్డాయి గానీ దీని అక్షరాలు దాని మీదికీ, దాని అక్షరాలు దీని మీదికీ తిరగబడి దిగిపోయాయి. దేన్ని ఏ కుప్పలో వేయాలో తోచలేదు. ఇంకో జంట తీశాడు. అదీ అంతే.

అప్పుడు వినబడింది. కర్... కర్... ఎక్కడో చీకట్లో, గట్టి నేలను గోకుతున్నట్టు.

చెయ్యి ఆపాడు. చప్పుడూ ఆగింది. ఎలుక అని పైకే అన్నాడు, ధైర్యానికి. ఇంకో పుట పట్టి లాగాడు. కర్... కర్... పుట విడదీసిన ప్రతిసారీ అదే. చెయ్యి ఆపితే ఆగుతుంది. అతను మొండివాడు. లేవకుండా ఇంకా కొన్ని విడదీశాడు. చప్పుడు దగ్గరికొచ్చింది. చివరికి వీపు వెనకే, కొత్త కుప్పల మధ్యలోంచి వినబడింది.

దీపం ఎత్తి తిరిగాడు.

మూడు కుప్పల నడుమ నేలలో చిన్న గుంట ఉంది. ఇందాక అక్కడ లేదు. బస్తాలు ఈడ్చింది ఆ నేల మీదనే. అంచుల్లో మట్టి తడిగా, వదులుగా ఉంది. మూడేసి సన్నని గీతలు ఒకే వైపుకు గీసి ఉన్నాయి. అలికిడి చేసే ప్రాణి ఏదీ లేదు. ఎందుకు కొలవాలనిపించిందో అతనికే తెలియదు. వంగి జానతో కొలిచాడు. పొడవు జానెడున్నర, వెడల్పు జానెడు.

ఆ కొలత అతనికి తెలుసు. ఆ కొలతకు కాగితం కోసింది తనే. రొమ్ము మీద చెయ్యి వేసుకున్నాడు. చొక్కా తడిసి ఉంది. చెయ్యి దీపం దగ్గరికి తెచ్చి చూస్తే, మణికట్టు దాకా ఎరుపు.

మెట్లు ఎలా ఎక్కాడో గుర్తులేదు.

పైన ఎండ అలాగే ఉంది. షేక్ బల్ల ముందు కూర్చుని ఏదో కుడుతున్నారు. తల ఎత్తి అతని చేతులు చూశారు. కూజా తెచ్చి తానే నీళ్లు పోశారు. సాబిత్ రుద్దుకున్నాడు. సిరా కొంత పోయింది, కొంత గోళ్ల కింద ఉండిపోయింది.

"చెమటకు కారింది, హజ్రత్. సిరాయే."

"సిరాయేలే," అన్నారు షేక్. "ముద్ర అడిగావు కదా."

మెడలోని తాడు తీసి, ఇత్తడి ముద్రను సాబిత్ చేతిలో పెట్టారు. ఏడేళ్లుగా ఆ ముద్ర ఎవరి చేతికీ ఇవ్వగా అతను చూడలేదు. దాని మీద చెక్కి ఉన్నది గురువు పేరే. అబ్దుర్ రహ్మాన్, కరుణామయుడి దాసుడు. గురువు పేరులో దేవుడి పేరు.

"నా చూపు ఆనడం లేదు. నువ్వే వేసుకో. ఎర్ర గీత లేని చోటు చూసి వెయ్యి, నాయనా. ఆ పేరు మీద గీత పడకూడదు."

సాబిత్ పుస్తకం విప్పాడు. మొదటి పుటలో రెండు వరుసల మీద తను కొట్టిన గీతలున్నాయి. ఆ గీతల కింద, హీబ్రూలో ఒకసారి, సురియానీలో ఒకసారి, దేవుడి పేరుంది. రాసేటప్పుడు అతను మాటల తేడా చూశాడు, ఆ మాటల్లో ఎవరి పేరుందో చూడలేదు. గబగబా తిప్పాడు. పుట పుటకూ అదే. ఎరుపు కారి మూడో వరుసలోకి పాకింది. తన గ్రంథం మాటల మీద, కాకి మీద, ఆ పేరు మీద కూడా సన్నగా పరుచుకుంది. చివరి పుట దాకా తిప్పాడు. వెనక అట్ట లోపలి వైపు చూశాడు. ముద్ర పట్టేటంత తెల్లని చోటు ఎక్కడా లేదు.

షేక్ దారానికి మైనం రాసుకుంటున్నారు.

సాబిత్ ముద్రను తాడుతో సహా గురువు ఒళ్లో పెట్టాడు. బల్ల మీది శుభ్రమైన గుడ్డ ఒకటి తీసుకున్నాడు. పుస్తకాన్ని అందులో చుట్టాడు, శవానికి గుడ్డ చుట్టినట్టు, మూడు చోట్ల ముడి వేశాడు. దీపం మళ్లీ వెలిగించుకున్నాడు. గోడ పట్టుకుని దిగాడు.

ఈసారి కింద గలగలలు లేవు. అతని ఊపిరి చప్పుడు తప్ప ఏమీ లేదు. గుంట అలాగే ఉంది. పుస్తకం అందులో పెట్టాడు. ఇటు ఒక వేలు, అటు ఒక వేలు కూడా సందు మిగల్లేదు. చేతులతోనే మట్టి కప్పాడు. తర్వాత విడదీసిన పుటలను మళ్లీ జతలు చేశాడు. ఏది దేనికి అంటుకుని ఉండేదో గుర్తున్నంత మేరకు చేశాడు. మూడు కుప్పలనూ ఒకదాని పక్కకు ఒకటి చేర్చి, దీపం కొండెక్కేలోపు మట్టి పరిచాడు.

పైకొచ్చి పలక మూశాడు. మెల్లగా వచ్చి బల్ల పక్కన తన పాత చోట్లో కూర్చున్నాడు. జిగురు గిన్నె దగ్గరికి లాక్కున్నాడు. దూరంగా సాయంత్రపు అసర్ నమాజు పిలుపు మొదలైంది.

"ఏ కుప్పలో పెట్టావు?" అడిగారు షేక్.

"దేంట్లోనూ కాదు, హజ్రత్." అన్నాడు సాబిత్. "దానికి విడిగా తవ్వి ఉంది."

షేక్ సూది ఆపారు. రాతిపలక వైపు చూశారు. ఏడేళ్లలో మొదటిసారి గురువు ముఖంలో భయం లాంటిది కనిపించింది సాబిత్‌కు.

"అయితే," అన్నారాయన, "ఆ కాకి ఇంకా పనిలోనే ఉంది."