నడివాగులో కల్లుకుండ

ముందుగా గుట్టమ్మ తల్లికి ఒక దండం పెట్టుకుందాం. కూర్చోండి నాయనా, ముందున్నవాళ్లు కాస్త జరగండి. వెనకున్న అమ్మలకు కూడా వినపడాలి కదా.

ఒకానొక కాలాన మిట్టసీమ అని ఒక చిన్న రాజ్యం ఉండేది. దాన్ని ప్రతాపధవళుడనే రాజు ఏలేవాడు. మనిషి మంచివాడే. అడిగినవాడికి లేదనడు. కానీ ఒక్క జబ్బు ఉంది. ఏ ఊళ్లో కాలు పెట్టినా ఆ ఊరికో కట్టడి చెయ్యందే వెనక్కి తిరగడు.

ఈదులపల్లె అని ఈతవనాల ఊరు. ఒకసారి రాజుగారు అటు వెళ్లేసరికి ఎవరో పొరుగూరివాళ్లు కల్లంతా తాగేసిపోయారు, పల్లకీ మోసే బోయీలకు చుక్క మిగల్లేదు. అంతే, ఈదులపల్లెలో పరాయి ఊరివాడికి కల్లు పొయ్యకూడదని కట్టడి. ఆ పక్కన వేపలపాడు. అక్కడ కుండలో పడ్డ కందిరీగ సేనాపతిగారి నాలుక కుట్టింది. వేపలపాడులో కల్లుకుండ మూతి గుడ్డతో బిగించి కట్టి తీరాలని కట్టడి. వాగు దాటితే మిట్టూరు. అక్కడ దొంగ ఒకడు రాణిగారి కడియాన్ని మూతికట్టిన కల్లుకుండలో దాచి పట్టుకుపోయాడు. మిట్టూరులో కల్లుకుండ మూతి తెరిచే ఉండాలని కట్టడి.

"ఏ ఊరి రోగానికి ఆ ఊరి మందు" అని రాజుగారు మీసం మీద చెయ్యేసుకునేవాడు. సభ అంతా తలలూపేది. ఒక్క ఓబన్న తల మాత్రం ఊగేది కాదు.

ఓబన్న ఆ కొలువులో హాస్యగాడు. పుట్టింది ఇక్కడ కాదు. కరువుకు ఊరొదిలి, నడివేసవిలో ఈదులపల్లె పొలిమేరలో వడదెబ్బ తగిలి పడిపోతే, కల్లు గీసే ఈడిగ యర్రన్న చెట్టు దిగి వచ్చి, ఆకుదొన్నెలో తీపికల్లు పోసి నోట్లో ఒంపాడు. ఎవరివి, ఏ ఊరు అని అడగలేదు. "ఆనాడు ఈ కట్టడి ఉండుంటే నా కథ పొలిమేరలోనే ముగిసేది" అని ఓబన్న తలుచుకోని రోజు లేదు.

ఇప్పుడు ఆ యర్రన్నే చెరలో పడ్డాడు.

ఏటా గుట్టమ్మ ముందు సాకగా ధార పోసే కల్లుకుండ యర్రన్న ఇంటినుంచే వెళ్లాలి. తల్లి గుడి మిట్టూరు గుట్ట మీద ఉంది. ఈసారి ఆయన మూతి కట్టిన కుండతో వాగులో దిగాడు. ఇవతలి గట్టున వేపలపాడు తలారి, "మా ఎల్ల దాటేదాకా మూత విప్పావో, చూసుకో" అన్నాడు. అవతలి గట్టున మిట్టూరు తలారి, "మూత కట్టిన కుండతో మా ఎల్లలో కాలు పెట్టావో, చూసుకో" అన్నాడు. రెండూళ్ల ఎల్లా నడివాగే. పాపం యర్రన్న ఎల్ల మీదే నిలబడి విప్పాడు. ఇద్దరూ చెరో రెక్క పట్టుకున్నారు. గీతకత్తి, చెట్టెక్కే మోకు లాక్కుని కొట్లో వేశారు. సరిగా గీసేవాడు లేక ఈదులపల్లెలో ఆయన చెట్ల గీతలు ఎండిపోతున్నాయి.

ఓబన్న రాజు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ప్రభూ, ఆయన చేసిన తప్పేంటి? దారి లేక విప్పాడు."

"కట్టడి తెలిసి నడిచేవాడికి దారి దొరుకుతుంది ఓబన్నా. దొరకలేదంటే తప్పు దారిది కాదు, కాలిది" అన్నాడు రాజు. ఆ మాట తనకే నచ్చి, ఇంకోసారి కూడా అన్నాడు.

ఓబన్న ఇంటికొచ్చాడు. గుట్టమ్మ పటం ఎదుట కూర్చుని, "తల్లీ, నా గొంతు తడిపినవాడు నీ కుండ మోస్తూనే చెరలో పడ్డాడు. ఉపాయం నువ్వే చూపించు" అన్నాడు.

తల్లి ఊరుకుంటుందా.

ఆ నెలలోనే రాజుగారి కూతురు మల్లికాంబకు అమ్మవారు పోసింది. ఒళ్లంతా పొక్కులు, బిడ్డ కళ్లు తెరవదు. రాజు రాజరికం మరిచి వేపమండల మధ్య నేల మీద కూలబడి మొక్కుకున్నాడు. "తల్లీ, బిడ్డ లేచి కూర్చుంటే మామూలు మనిషిలా, కాలినడకన, ఈదులపల్లె కల్లు నా నెత్తిన మోసుకొచ్చి నీకు సాక పోస్తాను." బిడ్డ లేచి కూర్చుంది. ఆకలేస్తోందని పెరుగన్నం అడిగింది.

మొక్కు తీర్చే పొద్దున రాజు పంచె కట్టి, ముఖానికి పసుపు దట్టంగా పూసుకుని, తలకు వేపమండలు చుట్టుకున్నాడు. కన్నతల్లి వచ్చినా పోల్చుకోలేదు.

"అంతా బాగుంది ప్రభూ" అన్నాడు వెంట వస్తున్న ఓబన్న. "ముద్ర ఉంగరం మాత్రం వేలికే ఉంది. ఆపదొస్తే అది చూపించి గట్టెక్కుదామని ఉంటే, అది మామూలు మనిషి మొక్కు అవుతుందా? తల్లి చూస్తూ ఉంటుంది."

రాజు చటుక్కున ఉంగరం తీసి ఓబన్న చేతిలో పెట్టాడు. "గుడి మెట్లెక్కేదాకా రాజరికం నీ దగ్గరే ఉండనీ."

"చిత్తం" అని ఓబన్న దాన్ని రొంటిన దోపుకున్నాడు.

ఈదులపల్లెలో కల్లు అమ్మేది యర్రన్న భార్య తిప్పక్క. మరుదులు గీసిచ్చిన కాస్త కల్లు ముందు పెట్టుకుని కూర్చుంది. ఆమె తనను పోల్చుకుంటుందని ఓబన్న దూరంగా ఆగిపోయాడు. రాజే వెళ్లి అడిగాడు.

"అమ్మా, గుట్టమ్మకు ఒక కుండెడు కావాలి."

"ఏ ఊరు నాయనా మీది?"

రాజు తలమీది వేపమండలు సవరించుకున్నాడు. రాజధాని అంటే పరాయి ఊరు, పరాయి ఊరంటే కల్లు లేదు. అబద్ధమాడితే మొక్కు చెడుతుంది. తన కట్టడి తన గొంతుకే అడ్డం పడింది.

"పరాయివాణ్ణేనమ్మా" అన్నాడు చివరికి. "నా బిడ్డకు అమ్మవారు పోసి తగ్గింది. అందుకని."

తిప్పక్క కళ్లు తుడుచుకుంది. "మా ఇంటాయన కొట్లో ఉన్నాడు. ఈ ఏడు తల్లికి సాక పోసేవాళ్లు లేరే అని ఏడుస్తున్నా. తల్లే నిన్ను పంపింది." లేచి కుండ నింపింది. వాకిట్లో కాపలా తలారి, "ఎవరతను?" అని గద్దించాడు.

"మా అన్న" అంది తిప్పక్క.

"నీకు అన్న ఎక్కడున్నాడే?"

"ఇదుగో, ఇప్పుడే దొరికాడు. ఈ ఊరి ఆడపడుచుకు అన్న అయ్యాక పరాయివాడెట్లా అవుతాడు? కాదని రాజుగారినే చెప్పమను." కుండ రాజు నెత్తిన పెట్టి, డబ్బు ఇవ్వబోతే చెయ్యి తోసేసింది. "అన్న దగ్గర తీసుకుంటారా ఎక్కడైనా. తల్లి దగ్గర నా పేరు చెప్పు, చాలు."

రాజు రెండు చేతులా కుండ పట్టుకుని ఊరు దాటాడు.

వేపలపాడులో కుండ మూతికి గుడ్డ బిగించి కట్టించారు. అప్పటికి ఎండ ఎక్కింది. తెల్లవారి దించిన కల్లు, ఎండ తగిలితే ఊరుకుంటుందా? కుండలో బుసబుస మొదలైంది.

వాగు వచ్చింది. రాజు మోకాలి లోతు నీళ్లలో నడివాగుకు చేరి ఆగాడు.

"పసుపు సామీ, విప్పకు. నువ్వింకా మా వేపలపాడులోనే ఉన్నావు" అన్నాడు ఇవతలి తలారి.

"విప్పకుండా అడుగేశావో, మా మిట్టూరులో నేరం" అన్నాడు అవతలి తలారి.

"మరి ఎక్కడ విప్పేది?"

"అది మమ్మల్ని అడుగుతావేం? మొన్న ఒకాయన సరిగ్గా నువ్వు నిలబడ్డ చోటే విప్పాడు. కొట్లో ఉన్నాడు. తోడు కావాలంటే చెప్పు."

నెత్తిన కుండ బుసలు కొడుతోంది, గుడ్డ బూరెలా ఉబ్బింది. వెనక్కి పోతే మొక్కు తీరదు. ముందుకు పోతే చెర. నేను రాజునంటే మొక్కు భంగం. రాజుకు మల్లికాంబ ముఖం కళ్లముందు మెదిలింది.

"ఓబన్నా, దారేది?"

గట్టు మీద ఓబన్న తాపీగా ఒక బండ చూసుకుని కూర్చున్నాడు. "మామూలు మనిషికి ఒక్కటే దారి. రాజుగారికి మొర పెట్టుకోవడం." రొంటినుంచి ఉంగరం తీసి వేలికి పెట్టుకున్నాడు. ముద్ర చూసి తలారులిద్దరూ చేతులు కట్టుకున్నారు. ఓబన్న మీసం లేని చోట మీసం దువ్వి, "చెప్పవోయ్, నీ మొర ఏమిటి?" అన్నాడు.

రాజు పళ్లు కొరికాడు. అంతలో కుండ గుడగుడమంది. "అయ్యా, రెండు కట్టడుల నడుమ ఇరుక్కున్నాను. దారి ఇప్పించండి."

"కట్టడి తెలిసి నడిచేవాడికి దారి దొరుకుతుంది. దొరకలేదంటే తప్పు దారిది కాదు, కాలిది." ఓబన్న ఆ మాట అచ్చం రాజుగారి గొంతుతో అన్నాడు. ఇంకోసారి కూడా అన్నాడు.

రాజు తల దించుకుందామనుకున్నాడు, నెత్తిన కుండ ఉండి దించలేకపోయాడు.

"ఆ మాట అన్నవాడు ఎన్నడూ కుండ మోసి ఎరగడు" అన్నాడు మెల్లగా.

ఓబన్న గొంతులో వెటకారం పోయింది. "దారి నీ ఒక్కడికేనా, నీ ముందు ఇక్కడ నిలబడ్డవాడికి కూడానా?"

"ముందు ఆయనకు. ఆ తర్వాత నాకు. వాళ్లింటి ఇల్లాలు నన్ను అన్నా అంది."

"రాజముద్ర సాక్షిగా మొర చెల్లింది. విప్పుకో" అన్నాడు ఓబన్న.

రాజు ముడి మీద వేలు పెట్టాడో లేదో, గుడ్డ ఎగిరి వాగులో పడింది. నురగ బుస్సున పొంగి తల మీదుగా, ముఖం మీదుగా కారింది. కారుతూ కారుతూ పసుపంతా కడిగేసింది. కింద నుంచి ప్రతాపధవళ మహారాజు ముఖం బయటపడింది. తలారులిద్దరూ ఉన్న నీళ్లలో ఉన్నట్టే కూలబడ్డారు.

రాజు మీసాల మీది నురగ తుడుచుకుని, తలారులను చూసి, ఓబన్నను చూసి నవ్వడం మొదలుపెట్టాడు. కుండ ఒలికిపోతుందని రెండు చేతులా పట్టుకుని మరీ నవ్వాడు. "లెండర్రా. నేను పెట్టిన కట్టడి నాకు చక్కగా చెప్పారు."

కుండలో సగమే మిగిలింది. తల్లికి దోసెడు చాలదా? గుడి ముందు సాక పోసి రాజు సాష్టాంగపడ్డాడు. "తల్లీ, బిడ్డనిచ్చావు. దారిలో చెల్లెల్నిచ్చావు. నెత్తికెక్కిన నురగ దించావు. నీకెంత చేసినా తీరదు."

సాయంత్రానికి యర్రన్న ఇంట్లో ఉన్నాడు. మోకూ కత్తీ రాజే చేతికిచ్చాడు. మూడూళ్ల కట్టడులూ పోయాయి. రాజు తన చేతి కడియం తీసి ఓబన్నకు తొడిగి, "ఉంగరం ఇచ్చెయ్యవోయ్, నీ దగ్గర రాజరికం మరీ కఠినంగా ఉంది" అన్నాడు. ఓబన్న ఇచ్చేశాడు. యర్రన్న ఇంటి అరుగు మీద కూర్చుని, ఓబన్న ఆనాటి ఆకుదొన్నె గుర్తొచ్చి కళ్లు తుడుచుకున్నాడు.

మరుసటి ఏడు ఈదులపల్లెకు పల్లకీ వచ్చింది. అందులోంచి చీర, పసుపు కుంకుమ పట్టుకుని రాజు దిగాడు. తిప్పక్క గబగబా లేచి చేతులు జోడించి, "ప్రభువులు ఇటు వచ్చారేమిటి?" అంది.

"ప్రభువు ఎవరమ్మా?" అన్నాడు రాజు. "మా చెల్లెలి ఊరు వచ్చాను. ఈ అన్నకో ముంతెడు పొయ్యి."

గుట్టమ్మ దయవల్ల అందరి కుండా ఒలక్కుండా గుడి చేరాలి నాయనా. దండం పెట్టుకుని లేవండి.