తిరగేసిన జోల

అనగనగా ఒక ఊళ్ళో, బట్టల మీద పువ్వులూ పిట్టలూ అచ్చువేసే ఊళ్ళో, తాయారు అనే ఆవిడ ఉండేది. తేకు చెక్క మీద అచ్చులు చెక్కడం ఆవిడ పని. చెక్క మీద కుడివైపు చూసే చిలుక, గుడ్డ మీద పడేసరికి ఎడమవైపు చూస్తుంది. అందుకని ఏది చెక్కినా తిరగేసే చెక్కాలమ్మా.

ఆవిడకి కనకం అని ఓ కూతురు. నీలాంటిదే. దీపం పెట్టాక దానికి ఆటలు గుర్తొచ్చేవి. కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్ళయిందో తాయారుకి గుర్తే లేదు.

ఒకరోజు కళ్ళు మూతలు పడుతుంటే, జంట చిలకల్లో రెండోదాన్ని తిరగేయకుండా చెక్కేసింది. తీరా గుడ్డ మీద అద్దితే ఏముంది? ఒకదాని ముక్కు ముందు రెండోదాని తోక.

అప్పుడు ఆవిడకి పని ఇచ్చే అద్దకం మేస్త్రి, "నీ చిలకమ్మ అలిగి వెళ్ళిపోతోందే తాయారూ," అని నవ్వాడు. ఆ తర్వాత నవ్వు ఆపి, "ఇంకో చెక్క ఇస్తున్నా. అదీ పాడైతే పని వేరేవాళ్ళకి ఇచ్చేస్తానమ్మా. వారంలో తెచ్చెయ్యి," అన్నాడు.

తాయారు కాళ్ళీడ్చుకుంటూ ఇంటికి వస్తూ, బండి తోలే సాంబయ్యతో గోడు చెప్పుకుంది. "ఆఖరున దించే మూట ముందు ఎక్కిస్తాం కదమ్మా. నువ్వూ జోల ముందు పాడు, బువ్వ తర్వాత పెట్టు," అన్నాడతను. అలాగే చేసింది. బువ్వ తిన్న కనకానికి కొత్త ఓపికొచ్చింది.

అప్పుడు లెక్కల పంతులుగారిని అడిగింది. "జవాబు నుంచి వెనక్కి రావాలమ్మా. పెందలాడే పడుకోవాలంటే పెందలాడే లేపాలి," అన్నారాయన. కోడి కూయకముందే లేపింది. అది మధ్యాహ్నమంతా పడుకుని, సాయంత్రానికి లేడిపిల్లలా లేచింది.

ఆ తర్వాత సన్నాయి సత్యం దగ్గరికెళ్ళింది. "నీ జోల కిందనుంచి పైకి పోతోందక్కా. పైనుంచి కిందికి దించు," అన్నాడు. దించింది. తాయారుకే కునుకొచ్చింది. "అమ్మా, మళ్ళీ పాడు," అని భుజం కుదిపింది కనకం.

తాయారుకి ఏడవడానికి కూడా ఓపిక లేదు. తెల్లారితే ఆ చెక్క ముందు కూర్చోవాలి. మంచం మీద అలా ఒరిగిపోయి, "నావల్ల కాదే తల్లీ. నువ్వే నన్ను జోకొట్టు," అంది.

"నేనా?"

"నువ్వే. ఇవాళ్టికి నువ్వు అమ్మవి, నేను పిల్లని."

అప్పుడు కనకం మఠం వేసుకుని కూర్చుంది. "కళ్ళు మూసుకో. మంచినీళ్ళు అడక్కూడదు. బొమ్మ ఏదీ అనకూడదు," అంటూ బుల్లి చేత్తో జోకొట్టింది. కొట్టగా కొట్టగా చెయ్యి బరువెక్కింది. మాట ముద్దయింది. ఆ తర్వాత అమ్మ పొట్ట మీదే తల వాల్చేసింది. అప్పటికే తాయారు గుర్రు పెడుతోంది.

మర్నాడు నిద్ర తీరిన కళ్ళతో చెక్కడం మొదలెట్టింది. గడువు నాటికి గుడ్డ మీద చిలకలు రెండూ ముక్కూ ముక్కూ రాసుకున్నాయి. మేస్త్రి గుడ్డని ఓసారి చూసి, ఇంకో చెక్క తీసి చేతికిచ్చాడు.

ఇక చాలు బంగారం, నాకూ నోరు నొప్పెడుతోంది. తిరగేసిన కథ కదా, తిరగేసే ముగిద్దాం.

కథ ఇంటికి, మనం కంచికి,
నిద్ర కంటికి, నడుము మంచానికి.