ఎర్రదీపం వెలిగేదాకా

భుజంగరావు మాస్టారిని ఏదైనా ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పేవారు కాదు. తన ఫొటో స్టూడియో తలుపు బార్లా తెరిచి, కుర్చీ జరుపుకుని వీధివైపు చూస్తూ కూర్చునేవారు. వచ్చేవాళ్ళలో ఎవరో ఒకరు జవాబు పట్టుకొస్తారని ఆయన నమ్మకం.

ఆ రోజు అడిగింది ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న సుభాషిణి. కెమెరా ఫ్లాష్ పాడైంది. పాడైందంటే బొత్తిగా వెలగకపోవడం కాదు. మెరవడానికి సిద్ధం కావాలంటే చాలాసేపు పడుతోంది, అంతసేపూ సన్నగా కూత పెడుతోంది. వెనకవైపు చిన్న ఎర్రదీపం వెలిగాకనే ఫొటో తీయాలి. లోపల ఒక భాగం మారిస్తే సరిపోతుందని మెకానిక్ అన్నాడు. చూసి నచ్చితే ఉంచుకోమని కెమెరాల కొట్టతను కొత్తదొకటి ఇచ్చి పంపాడు. పాతదాన్ని బాగు చేయించడమా, కొత్తది ఉంచేసుకోవడమా? ఎటూ తేలక మాస్టారిని అడిగింది. ఆయన లేచి తలుపు తెరిచారు.

బయట వాన. కరెంటు పోయి స్టూడియోలో పెద్ద లైట్లు ఆరిపోయాయి. ఆ మసక వెలుతురులో, గోడకు వేలాడే తెరమీద రంగులతో వేసిన సరస్సు నిజంగానే తడిసినట్టు కనిపిస్తోంది.

కాసేపటికి ఒక తల్లి, ఇద్దరు కొడుకులు లోపలికి వచ్చారు. తల్లి పేరు పైడమ్మ. ఎల్లుండి గుండె ఆపరేషనుకి విశాఖపట్నం వెళుతోందట. చేలోకి నీళ్ళు మళ్ళించే దగ్గర మాటా మాటా పెరిగి అన్నదమ్ములు పలకరించుకోవడం మానేశారట. ఆవిడ సుభాషిణిని పక్కకు పిలిచి ఇదంతా గుసగుసగా చెప్పి, "ఇద్దర్నీ నా పక్కన ఒక్క ఫొటోలో చూసుకుని వెళతానమ్మా. కలిసున్నట్టుగా తియ్యి," అంది.

సుభాషిణి కొత్త ఫ్లాష్ బిగించింది. అది ఆగే రకం కాదు. నొక్కిందే తడవుగా మెరిసింది, మళ్ళీ మెరిసింది. అన్ని ఫొటోల్లోనూ ఇద్దరూ ఒకరికొకరు తెలియని బస్సు ప్రయాణికుల్లా బిగుసుకుని ఉన్నారు, మధ్యలో తల్లి సరిహద్దు గట్టులా ఉంది. పైడమ్మ కెమెరా చేతిలోకి తీసుకుని వాటిని చాలాసేపు చూసి, "బాగుందమ్మా," అని కెమెరా తిరిగి ఇచ్చేసింది. ఆ గొంతు వినగానే సుభాషిణికి తన పని అవ్వలేదని అర్థమైంది.

మాస్టారు పాత ఫ్లాష్ తెచ్చి సుభాషిణి చేతిలో పెట్టారు.

కూత మొదలైంది. ముగ్గురూ ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. ఎర్రదీపం వెలగలేదు. బిగించిన భుజాలను మనిషి ఎంతసేపని అలా ఉంచగలడు? అవి మెల్లగా కిందికి జారాయి. కూత వాన చప్పుడులో కలిసిపోయింది. ఆ గది వీధిలోంచి ఊడి, తెరమీది సరస్సులోకి పడవలా జరిగిపోతున్నట్టనిపించింది సుభాషిణికి. చెయ్యడానికి ఏమీ లేక ఆమె కూడా ఊరికే నిలబడింది.

"ఏటా కూత?" అన్నాడు పెద్దవాడు, ఎవరినీ చూడకుండా.

సుభాషిణి చెప్పేలోగా చిన్నవాడు, "నాన్న రేడియోలాగుంది. స్టేషను దొరక్క ఇలాగే కూసేది," అన్నాడు.

"నువ్వు బొత్తాం తిప్పీకుండా ఉంటే కదరా దొరకడానికి."

"తిప్పినోడివి నువ్వు. దెబ్బలు తిన్నోడిని నేను."

"మీ ఇద్దరి చేతులూ దానిమీదే ఉండేవి," అంది పైడమ్మ. "ఆ మనిషిని ఒక్క వార్తా విననిచ్చారు కాదు."

చిన్నవాడు తలదించుకుని నవ్వాడు. పెద్దవాడు వాడివైపు చూశాడు. ఎర్రదీపం ఎప్పుడు వెలిగిందో సుభాషిణి గమనించనే లేదు. ఉలిక్కిపడి నొక్కింది.

ఈసారి పైడమ్మ కెమెరాను దగ్గరగా పట్టుకుని ఫొటో చూసింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నీళ్ళ తగువు తీరిందో లేదో తెలియదు గానీ, మెట్లు దిగుతూ కూడా అన్నదమ్ములు రేడియో గురించే వాదించుకున్నారు.

వాళ్ళు వీధి మలుపు తిరిగాక, సుభాషిణి పాత ఫ్లాష్‌ను ఒళ్ళో పెట్టుకుని, "అయితే దీన్ని ఇలాగే ఉంచేద్దామా మాస్టారూ?" అని అడిగింది.

"ఎందుకమ్మా? బాగైనా చేయించు, కొత్తదైనా ఉంచుకో," అన్నారాయన, వానలోకి చూస్తూ. "ఇన్నాళ్ళూ ఆ పాతది ఆగి ఆగి చేసిన పని ఇకమీద ఎవరు చేస్తారో మాత్రం చూసుకో."