చిలకపచ్చ గుడ్డ

"తప్పు ఎక్కడుందో వెతకడం ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి గురువుగారూ?" అని జోగారావు అడిగాడు. తెలుసుకుందామని అడగలేదండీ. కారుకి తగిలిస్తే లోపం చూపించే స్కానరు చెప్పాక ఇంకా చేతులతో తడుముతూ కూర్చోవడం దండగని ముసలాయన నోటితోనే అనిపించాలని అడిగాడు.

అనకాపల్లి బైపాసు మీద నూకయ్య మేస్త్రీ గారి కార్ల షెడ్డుకి పక్కనే నా పంక్చరు షాపు. ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను, శిష్యుడి ప్రశ్నకి ఆయన మాటతో జవాబు చెప్పిన పాపాన పోలేదు. స్పానరు అందుకుంటారు, లేకపోతే గుడ్డ అందుకుంటారు. గుడ్డంటే ఆ షెడ్డులో మామూలు సంగతి కాదు. వాళ్లావిడ పాత చీరలు చింపి ఒక్కో మెకానిక్కుకి ఒక్కో రంగు ఇస్తారు. ఏ గొట్టం విప్పినా లోపల దుమ్మో నట్టో పడకుండా దాని నోట్లో గుడ్డ కుక్కాలి. సాయంత్రం ఎవరి గుడ్డలు వాళ్లు గోడమేకుకి తగిలించి ఇంటికి వెళ్లాలి. జోగారావుది చిలకపచ్చ రంగు. డిప్లొమా చదివినవాడు, పని బాగా వచ్చినవాడు, కాదనను. కానీ స్కానరు కొన్న దగ్గర్నుంచీ ఆ మేకు వైపు చూడటం మానేశాడు. "ఇదేమన్నా పసిపిల్లల బడా బాబాయ్, గుడ్డలు తగిలించడానికి?" అన్నాడు నాతో. మేస్త్రీ గారు విని కూడా ఊరుకున్నారు.

ఆవేళ షెడ్డులో ఉన్నది ఒక కంట్రాక్టరు గారి టర్బో డీజిల్ కారు. టర్బో అంటే మరేం లేదు, ఇంజనుకి గాలిని బలవంతంగా ఊదే చిన్న ఫ్యాను. అది ఊదకపోతే ఎంత పెద్ద బండైనా నీరసమే. పాడేరు ఘాట్ ఎక్కుతుంటే ఈ కారు వెనక నల్లపొగ, ముందు నత్తనడక. ఆర్టీసీ బస్సు కూడా హారను కొట్టి మరీ దాటిపోతోందట. స్కానరు పెడితే, ఇంజనుకి అందే గాలి చాలట్లేదని చెప్పింది.

"టర్బో పోయింది" అని తేల్చేశాడు జోగారావు. "ఘాటెక్కి దిగగానే, టర్బో వేడి చల్లారకుండా ఇంజను కట్టేస్తే కాలిపోక ఏమవుతుంది? డ్రైవరు నిర్వాకమే."

ఆ డ్రైవరు పైడిరాజు అక్కడే నిలబడి ఉన్నాడు. పదహారేళ్లుగా ఒకే యజమాని దగ్గర చేస్తున్నాడు. అప్పటికే కంట్రాక్టరు గారు ఫోనులో ఒక మాట అనేశారు. తప్పు డ్రైవరుదేనా అని అడిగితే మెకానిక్కు అవునంటే చాలు, ఆ పూటే పైడిరాజు దగ్గర తాళాలు తీసేసుకుంటారట. ఒక మనిషి అన్నం ఇంకొకడి నోట్లో "అవును" అన్న ముక్క మీద ఆగి ఉందంటే నాకు ఒళ్లు మండిపోయింది.

పైడిరాజుకి నాకంటే ఎక్కువ మండింది. "ఏటి బాబూ నువ్వనేది? బండి ఆగినాక వంద లెక్కెట్టి గానీ నేను తాళం తిప్పను. డీజిలు తగలేస్తన్నావని మా అయ్యగారి చేత తిట్లు తింటాను. బండి మీ షెడ్డులోంచి తీసుకెళ్లిన కాడి నుంచే లాగట్లేదు. ఆ మాట మీకు ఒకసారి కాదు, మూడుసార్లు సెప్పినాను!"

"అప్పుడు మేం బాగుచేసింది రేడియేటరు. రేడియేటరుకీ పికప్‌కీ ఏంటయ్యా సంబంధం? నీ తప్పు మా షెడ్డుకి అంటిస్తావా?" అని జోగారావు అరిచాడు. ఆ కోపంలోనే గురువు వైపు తిరిగి, నేను మొదట చెప్పిన ప్రశ్న అడిగాడు.

మేస్త్రీ గారు లేచి కారు దగ్గరికి వచ్చారు. బానెట్టు ఎత్తించి, పైడిరాజుని ఇంజను స్టార్టు చేయమన్నారు. టర్బో ఊదిన గాలి రేడియేటరుకి ముందు వైపున్న ఒక జాలీలోకి వెళ్లి, చల్లబడి, ఇంకో గొట్టంలోంచి ఇంజనుకి చేరుతుంది. ఆయన కుడిచేత్తో మొదటి గొట్టం, ఎడమచేత్తో రెండోది పట్టుకున్నారు. "తొక్కు నాయనా" అన్నారు. పైడిరాజు ఎక్సలేటరు తొక్కాడు. ఆయన జోగారావు చేతులు లాక్కుని తన చేతులున్నచోట పెట్టారు. "మళ్లీ తొక్కు."

కుడిచేతి కింద గొట్టం ఉబ్బి బిగుసుకుంటోంది. ఎడమచేతి కిందది మెత్తగానే ఉండిపోయింది. జోగారావు మొహంలో రంగు మారడం నేను చూశాను. అంటే టర్బో ఊదుతోంది. ఊదిన గాలే దారిలో ఎక్కడో ఆగిపోతోంది.

ఇంజను ఆపించి, మొదటి గొట్టానికి జాలీ దగ్గర బిగించిన క్లాంపు పట్టీ జోగారావు తనే విప్పుకున్నాడు. లోపల వేలు పెట్టి లాగితే నల్లటి ముద్ద ఒకటి బయటికొచ్చింది. విప్పి చూస్తే గుడ్డ. నూనెకీ మసికీ నల్లబడిపోయింది గానీ, మడత లోపల ఇంకా చిలకపచ్చగానే ఉంది. మొన్న రేడియేటరు తీయడానికి ఆ గొట్టాలు ఊడదీసింది ఎవరో ఇక ఎవరూ అడగక్కర్లేకపోయింది.

పైడిరాజు ఏమంటాడా అని చూశాను. చొక్కా చేతితో కళ్లు తుడుచుకుని, మళ్లీ స్టీరింగు ముందు కూర్చున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

అంతలో జోగారావు జేబులో ఫోను మోగింది. కంట్రాక్టరు గారే. అతను ఫోను ఎత్తలేకపోయాడు. "ఏం చెప్పమంటారు గురువుగారూ?" అన్నాడు.

మేస్త్రీ గారు గోడ దగ్గరికి నడిచి, చాలా రోజులుగా ఖాళీగా ఉన్న మేకు మీది దుమ్ము బొటనవేలితో తుడిచారు.

"నీ గుడ్డ ఏదని నేనూ అడగడం మానేశాను కదా. ముందు ఆయనకి గుడ్డ రంగు చెప్పు" అన్నారు.